నూనె తాగిన తీగలు

బేస్ గిటార్ వాయించేవాణ్ణి జనం చూడరు, వినరు కూడా. పెళ్ళి పందిట్లో మా ఆర్కెస్ట్రా వాయిస్తుంటే చప్పట్లన్నీ పాడేవాళ్ళకి, మెచ్చుకోళ్ళన్నీ కీబోర్డు అతనికి. నా దగ్గరికి ఎవరైనా వచ్చారంటే ఒకటే ప్రశ్న: "నాలుగు తీగలేనాండీ? మిగతా రెండూ తెగిపోయేయా?" ఇరవై ఏళ్ళు ఓపిగ్గా వివరించి వివరించి, చివరికి "ఆయ్, తెగిపోయేయండి" అనడం మొదలుపెట్టాను. వాళ్ళకీ అదే బాగున్నట్టుంది.

పన్నెండేళ్ళు నాతో ఉన్న ఆ గిటార్ ఇప్పుడు లేదు. పోయినేడాది అంతర్వేది తీర్థంలో ప్రోగ్రాం ముగించుకుని, తెల్లారి షేర్ ఆటోలో రాజోలు వచ్చాను. గిటార్ వెనకాల సామాన్లలో ఉంది. సెంటర్లో టీ కోసం దిగాను, డ్రైవరు ఎవరో పిలిస్తే బండి కదిలించాడు. నేను గ్లాసు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. పది రోజులు ఆటో స్టాండుల చుట్టూ తిరిగాను. "గిటారాండీ? పొడుగ్గా ఉంటాదా?" అని అడిగినవాళ్ళే గాని, చూశామన్నవాళ్ళు లేరు.

పోయిందని తెలిశాక ఇంట్లో నాకు మొట్టమొదటిసారి భయం వేసింది. మా ఆవిడ కువైట్ వెళ్ళి అప్పటికి ఏడాది. డీజే పెట్టెలు వచ్చి పెళ్ళిళ్ళలో మా ఆర్కెస్ట్రాని అడిగేవాళ్ళు తగ్గిపోయాక, ఇల్లు గడవడానికి రెండేళ్ళ ఒప్పందం మీద ఒక ఇంట్లో వంటకి కుదిరి వెళ్ళింది. పిల్లలు లేరు. వండుకోవడం, తినడం, ఆ ఒక్క కంచం కడుక్కోవడం. మధ్యలో ఆ గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూచుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది. దాని సౌండు గట్టిదేం కాదు. పక్కగదిలో ధాన్యం బస్తా దించినట్టు ఒక్క మెత్తని అదురు, అంతే. చెవికంటే ముందు గుండెకి తెలిసేది. అది కూడా పోయాక ఇల్లు నిజంగా ఖాళీ అయింది.

కొత్తది కొన్నాను. కంపెనీ మంచిదే, రంగు మంచిదే. సౌండు మాత్రం స్టీలు బిందె మీద గరిటెతో కొట్టినట్టు గణగణమంది. టోను మీట పూర్తిగా తగ్గించాను. ఫోన్లో వీడియోలు చూసి, కాలితో నొక్కి సౌండు మార్చే పెడల్ ఒకటి తెప్పించాను. ఎవరో చెప్పారని తీగల కింద స్పాంజి ముక్క దూర్చాను. వేళ్ళతో కాకుండా బొటనవేలి కండతో వాయించి చూశాను. ఒక్కటీ దగ్గరికి రాలేదు. అమలాపురంలో వాయిద్యాలు బాగుచేసే ఆయన దగ్గరికి మోసుకెళ్తే, ఆయన విని, "బ్రహ్మాండంగా ఉందండి, ఇంకేం కావాలండి మీకు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంకేం కావాలో చెప్పలేక ఇంకా మండింది.

మా ఆవిడకి వారానికోసారి, శుక్రవారం సెలవు. ఆ మధ్యాహ్నం తనే ఫోన్ చేసేది. నేను పలకరింపులు అయీ అవకుండానే గిటార్ గోడు మొదలుపెట్టేవాణ్ణి. ఒకరోజు ఇలాగే తీగల్ని తిడుతుంటే, తను మధ్యలో ఆపింది. మెల్లగా అంది.

"మీరు కోప్పడనంటే ఒకటి చెప్తానండి. నేను దానికి నూనె రాసేదాన్ని."

"దేనికి?"

"తీగలకండి. ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తాయని. తలకి రాసుకున్నాక చేతికి మిగిలింది వాటికి పులిమేసేదాన్ని. మీరు బజారుకెళ్ళినప్పుడు."

బేస్ తీగలకి కొబ్బరినూనె రాసేవాళ్ళు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండరు. మా వైపు కత్తిపీటకి, తలుపు బందులకి, కుట్టుమిషనుకి, దెబ్బకి, జుట్టుకి అన్నింటికీ అదే. నేనేమో తీగలు ఒక్కసారీ మార్చిన పాపాన పోలేదు. పదకొండేళ్ళు ఆ నూనె, దుమ్ము, నా వేళ్ళ చెమట కలిసి తీగల చుట్టల్లోకి దిగి, వాటి గణగణని నొక్కేశాయన్నమాట. నా చేతి పనితనమని నేను గర్వపడ్డదంతా ఆవిడ అరచేతి జిడ్డు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మరుసటి వారమే మిల్లుకెళ్ళి తాజా నూనె తెచ్చాను. మొదటిరోజు ఎక్కువై వేళ్ళు జారిపోయాయి. నాది బట్టతల. తలకి రాసుకున్నాక చేతికి ఎంత మిగులుతుందో నాకెలా తెలుస్తుంది? ఫోన్ చేసి అడిగితే, "జిడ్డు తగిలితే చాలండి, తడవకూడదు. ఒక్కరోజులో వచ్చేది కాదు, రాస్తూ ఉండాలి" అంది. రాస్తూ ఉన్నాను. శుక్రవారం శుక్రవారం తీగల సంగతి చెప్పాను. ఇవాళ కాస్త మెత్తబడిందనీ, లావు తీగ దారికొచ్చిందనీ, సన్నది మొండికేస్తోందనీ. తను వినేది.

నాలుగు నెలలు దాటాక, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆ సౌండు వచ్చింది. పూర్తిగా అదే. బస్తా దించిన అదురు. ఒక్కణ్ణే కూచుని ఏడ్చాను, సిగ్గు లేకుండా.

ఆ శుక్రవారం ఫోన్ రాగానే, "మాట్లాడకు, విను" అన్నాను. ఫోన్ని గిటార్ స్పీకర్ పెట్టె ముందు కుర్చీలో నిలబెట్టి, తనకిష్టమైన పాట మొదటినుంచి చివరిదాకా వాయించాను. ఒక్క తప్పు పోలేదు. ఆపి, ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

"ఎప్పుడు మొదలెడతారండీ?" అంది.

ఆ చిన్న ఫోన్లో అంత లోతు సౌండు పట్టదు. ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నవాణ్ణి, నాకు తట్టలేదు.

"ఇది ఫోన్లో రాదు. నువ్వొచ్చి వినాలి" అన్నాను. "గడువు అయిపోవచ్చింది కదా, వచ్చేయ్."

"ఇన్ని నెలలూ తీగల మాటే మాట్లాడేరండి. రమ్మంటారేమోనని ప్రతివారం చూశాను. మొన్న మంగళవారం ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టేశానండి."

గిటార్ తీసి పక్కన పెట్టేశాను. తనే అంది, "మళ్ళీ వాయించండి. వినపడకపోయినా లైన్లో ఉంటాను."

వాయించాను. పాట అయ్యేదాకా ఉంది.