బక్కచిక్కిన బంగాళదుంపలు

నా పెరట్లో పండిన బంగాళదుంపలతో వేపుడు పెడతానని స్నేహితుణ్ణి కుటుంబంతో సహా పిలిచి, కాలీఫ్లవర్ కూర తినిపించి పంపిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఆవిడ సుజాత ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

2009లో నేపర్‌విల్‌లో ఇల్లు కొన్న కొత్త. పెరట్లో నించుని "ఇక్కడ బంగాళదుంపలు వేస్తా" అన్నాను. మా ఆఫీస్ రవికి కాఫీ పొలమారింది.

"నువ్వా? లాన్ మోవర్ స్టార్ట్ చేయడానికే నన్ను పిలిచావు కదరా!"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఆగస్టులో అందరూ భోజనానికి రండి. నా దుంపలే పెడతా. షాపులో ఒక్క దుంప కొంటే ఒట్టు!"

గార్డెన్ షాపులో రెండు సంచుల విత్తన దుంపలు కొన్నాను. ఒకదాని మీద రసెట్ అని, రెండోదాని మీద ఫింగర్లింగ్ అని రాసి ఉంది. కంపెనీల పేర్లు కాబోలనుకుని చెరో మడిలో నాటేశాను. ఇక నా దీక్ష చూడాలి! ఆఫీస్‌కి వెళ్ళేముందు నీళ్ళు, రాగానే కలుపు. కాన్ఫరెన్స్ కాల్ మ్యూట్‌లో పెట్టి మొక్కల మొదళ్ళకి మట్టి ఎగదోశాను. ఏం చేస్తున్నావని మేనేజర్ అడిగితే "డిగ్గింగ్ సర్" అన్నాను. అబద్ధం కాదుగా!

భోజనానికి వారం ముందు తవ్వాను. మొదటి మడిలో ఒక్కో దుంపా పిడికిలంత ఉంది. రెండో మడిలో అన్నీ వేలెడంత, వంకర టింకరగా, డైటింగ్ చేసినట్టున్నాయి.

"సుజాతా, వీటికేదో జబ్బు చేసింది!"

"బానే ఉన్నాయి కదండీ. నాలుగు ఉడికించి చూద్దాం."

"ఇవి రవి కంట పడితే ఆఫీసంతా టాంటాం వేస్తాడు."

వాటన్నిటినీ బుట్టలో పట్టుకెళ్ళి పక్కింటి మార్గరెట్ గారికిచ్చాను. రిటైరైన టీచరమ్మ ఆవిడ. "సరిగ్గా ఎదగలేదండీ, మీ కంపోస్ట్‌లో వేసుకోండి" అన్నాను. ఆవిడ బుట్ట వంకా నా వంకా చూసి "నిజంగానే ఇచ్చేస్తున్నారా?" అనడిగింది. మహాదాతలా తలూపాను.

ఇక పెద్ద దుంపల్ని కడిగి, పెరటి వైపు చెక్క డెక్ మీద ఎండలో పరిచాను.

"మిరపకాయలా అవి, ఎండబెట్టడానికి?" అంది సుజాత.

"తడి ఉంటే కుళ్ళిపోతాయి. నాకు తెలుసు."

ఈ 'నాకు తెలుసు' అన్న మాటని మా ఇంట్లో ఆ వారమే నిషేధించారు. భోజనాల రోజు, శనివారానికి, దుంపలన్నీ పచ్చి మామిడికాయల్లా ఆకుపచ్చగా తయారయ్యాయి. సుజాత నెట్‌లో వెతికింది.

"ఎండకి పచ్చబడ్డవి తినకూడదటండీ. విషమట."

"తొక్క లోతుగా తీసేస్తే?"

"ముందు రవికి పెట్టి చూద్దామా?"

ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. కానీ ఒట్టు ఒట్టే కదా! షాపుకి పరిగెత్తి కాలీఫ్లవర్ కొన్నాను. చూశారా, దుంప కొనలేదు, మాట తప్పలేదు! రవి కంచంలోకి తొంగిచూసి "నీ దుంపలు భలే పూశాయిరా" అన్నాడు. వాడు మూడుసార్లు వడ్డించుకున్నాడు, ప్రతిసారీ అదే మాట.

మర్నాడు మార్గరెట్ గారు మమ్మల్ని డిన్నర్‌కి పిలిచారు. వెన్నలో ఎర్రగా వేయించిన చిట్టి దుంపలు, లోపల మీగడలా ఉన్నాయి. అవమానం మరిచిపోయి లాగించాను.

"అద్భుతమండీ! ఎక్కడ కొన్నారు?"

"కొనడమేంటి? మీరిచ్చినవే! ఫింగర్లింగ్స్ కదా, ఆ రకం వేలంతే ఉంటుంది, ఇంకా పెరగదు. ఇంత బాగా పండించి, కంపోస్ట్‌లో వేయమన్నారేం?"

సుజాత టేబుల్ కింద నా కాలు తొక్కింది. నేను తడుముకోలేదు.

"మా తెలుగువాళ్ళ మర్యాదండీ. మంచివి ఇచ్చేటప్పుడు అలాగే అంటాం."

అందుచేత పాఠకులారా, ఆకాశం వంకా భూమి వంకా చూసి, చేతికంటిన వెన్న తుడుచుకుని మరీ శపథం చేస్తున్నాను. ఇకమీదట ఏ విత్తనం సంచి కొన్నా, దాని మీది ప్రతి అక్షరం చదివే నాటుతాను. అర్థం కాకపోతే మా ఆవిణ్ణి అడుగుతాను. అదీ రవి దగ్గర్లో లేనప్పుడు.