పన్ను మాఫీ అయిన మా సినిమా

మా సినిమాకు పన్ను మాఫీ అయిందన్న కబురు అందినప్పుడు నేను కరీంనగర్‌లోని మా దుకాణంలో ఒక పెళ్లి వీడియో సరిచేస్తూ కూర్చున్నాను. కెమెరా పని మా ఆయనది, ఎడిటింగ్ నాది. పెళ్లిళ్లు తీసే మేమే, పెళ్లిళ్లు లేని రోజులు చూసుకుని, ఒక సినిమా తీశాం. కబురు తెలిశాక చుట్టాలు, చర్చివాళ్లు, పక్క దుకాణాలవాళ్లు వరసగా ఫోన్లు చేశారు. సర్కారు మాకేదో ఇచ్చిందని అందరికీ సంతోషం. నిజానికి సర్కారు మాకేమీ ఇవ్వలేదు. మా టికెట్ల మీద తన వాటా పన్నును వదులుకుంటానంది. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆ రోజు నాకూ తెలియదు. నేనూ మిఠాయి పంచాను.

నేను పుట్టి పెరిగింది బెల్లంపల్లిలో. మా బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు. ఒక్కో బాయి మూతపడుతూ, క్వార్టర్లు ఖాళీ అవుతూ ఉండగా చూసినదాన్ని కాబట్టి సినిమా అంటే నాకు ఆ ఊరే కనబడింది. కథలో ముఖ్యపాత్ర బాయి గేటు ముందు చాయ్ హోటల్ నడిపే ఆడమనిషి. ఆ పాత్రను మా పెద్దమ్మ చేసింది. పెద్దమ్మ అంటే రక్తసంబంధం కాదు, మా అవ్వతో, అంటే మా అమ్మతోపాటు చర్చిలో పాటలు పాడేది, అంతే. ఆమె భర్త బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆమె నిజంగానే గేటు ముందు చాయ్ అమ్మి కూతుర్ని పెంచింది. నటించమని అడిగితే, నాకేం రాదు బిడ్డా అంది. చాయ్ పెట్టడం వచ్చు కదా అన్నాను. గదైతే వచ్చు అని ఒప్పుకుంది.

ఆ సినిమాలో ఒక ఘట్టం ఉంది. షిఫ్టు మారే వేళ కాకుండా నడిమధ్యలో సైరన్ మోగుతుంది. అంటే లోపల ప్రమాదం. ఏం చేయాలో నేను రాసుకున్నాను: ఆమె పరుగెత్తుతుంది, ఏడుస్తుంది. పెద్దమ్మ అది విని తల అడ్డంగా ఊపింది.

"సైరన్ మోగితే ఎవ్వలం ఉరుకకపోతుంటిమి బిడ్డా. యాడోల్లం ఆడ్నే నిలవడుతుంటిమి. ఉరికితె పోయినోని పేరు తెలుస్తది గదా. పేరు తెల్వకముందు మొగడు బతికే ఉంటడు."

ఆమె చెప్పినట్టే తీశాం. ఆమె స్టవ్వు ఆర్పి, కొంగుతో చేతులు తుడుచుకుని, గేటువైపు చూస్తూ నిలబడింది. మా ఆయన చాలాసేపు కెమెరా ఆపలేదు.

సర్కారు రాయితీల వల్ల మాకేమీ ఒరగలేదంటే అబద్ధమవుతుంది. బస్టాండులో తీయడానికి రుసుము లేకుండా అనుమతి దొరికింది. ఆ రుసుమే గనక కట్టాల్సి వస్తే ఆ భాగం మా సినిమాలో ఉండేది కాదు. ఆ మేలు నేను మరిచిపోను. కానీ అందరూ మమ్మల్ని మెచ్చుకున్నది దానికి కాదు, పన్ను మాఫీకి. అదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది కరీంనగర్‌లో ఒక థియేటర్ మేనేజర్. మాఫీ సంగతి చెబితే ఆట ఇస్తాడనుకుని వెళ్లాను. ఆయన మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"టికెట్ తెగితే గదా మేడం పన్ను. పన్ను పడితే గదా మాఫీ. మీకు ఆటనే లేకపాయె, ఇగ దేన్ని మాఫీ చేస్తరు?"

ఎగతాళిగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. కరెంటు ఖర్చులు, తెర అద్దెలు, పెద్ద సినిమాల వాళ్లతో ముందే కుదిరిన ఒప్పందాలు, అన్నీ చెప్పాడు. చివరికి నా మొహం చూసి కాబోలు, వారం మధ్యలో ఒక ఉదయం ఆట ఇస్తానన్నాడు. జనం వస్తే ఇంకొకటి చూద్దామన్నాడు.

ఆ ఉదయం కోసం బెల్లంపల్లి నుంచి పెద్దమ్మ, ఆమె కూతురు, చర్చి ఆడవాళ్లు కొందరు తొలి బస్సు పట్టుకుని బయలుదేరారు. వాళ్లు పెద్దపల్లి దాటాక మేనేజర్ నాకు ఫోన్ చేశాడు. ముందువారం విడుదలైన పెద్ద సినిమాకు ఆటలు పెంచారట, మా ఆట లేదట. తన చేతిలో ఏమీ లేదన్నాడు. నేను బస్సులో ఉన్నవాళ్లకు చెప్పలేకపోయాను. థియేటర్ ముందు ఆటో దిగి, చీరల మడతలు సరిచేసుకుంటూ వాళ్లు నవ్వుతూ వస్తుంటే అప్పుడు చెప్పాను.

కూతురు మేనేజర్‌తో కొట్లాడబోయింది. పెద్దమ్మ వద్దంది. ఒకసారి లోపల చూడొచ్చా అని అడిగింది. ఆయన తలుపు తీయించాడు. హాలు ఊడుస్తున్నారు. పెద్దమ్మ మధ్య వరసలో ఒక కుర్చీలో కూర్చుని తెల్లటి తెరను అటు నుంచి ఇటు చూసింది. నేను పక్కన కూర్చున్నాను.

"నేను గింత పెద్దగ కనవడుదునా బిడ్డా?" అంది.

అవునన్నాను.

"మస్తు పెద్దగున్నదే," అని చాలాసేపటికి లేచింది. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేసి, పరేషాన్ గాకు, మన ఊర్లె చూపియ్యి, ఊరి పిల్లలు చూస్తే సాలు అంది. మేనేజర్ వాళ్లందరికీ చాయ్ తెప్పించాడు. వాళ్లు తాగి వెళ్లిపోయారు.

ఆమె అన్నట్టే బెల్లంపల్లి చర్చి పక్కన ఉన్న హాల్లో వేశాం. కిటికీలకు దుప్పట్లు కట్టాం. టికెట్ లేదు. పొద్దుగూకే సరికి హాలు నిండి, జనం గోడల వెంట నిలబడ్డారు. అంతమందిని ఏ థియేటర్ చూసినా మాకు రెండో వారం ఇచ్చేది. సైరన్ మోగగానే ద్వారం దగ్గర కూర్చున్న ఒక పెద్దమనిషి, బాయిలో పనిచేసి రిటైరైనవాడు, లేచి బయటకు పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ ఘట్టం అయిపోయాక మళ్లీ వచ్చి కూర్చున్నాడు. పెద్దమ్మ మాత్రం తెరవైపు చూడలేదు. మొత్తం సినిమా జనం మొహాలే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక సమావేశానికి నన్ను పిలిచారు. చిన్న సినిమాలకు రాయితీలు ఉపయోగపడుతున్నాయా అన్నది అక్కడి మాట. నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు ఉపయోగపడుతున్నాయనే అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల సినిమాలకు ఆటలున్నాయి. నా వంతు వచ్చినప్పుడు నేను థియేటర్ మేనేజర్ అన్న మాటే చెప్పాను. పన్ను తీసేస్తే నడుస్తున్న బండికి బరువు తగ్గుతుంది, మా బండికి రోడ్డే లేదు అన్నాను. మా జిల్లాల్లో ప్రతి థియేటర్ వారానికి ఒక్క ఆట చిన్న సినిమాకు ఉంచితే చాలు, పన్ను మేమే కట్టుకుంటాం అన్నాను. పన్ను కట్టడం కూడా ఒక గౌరవమే కదా, జనం కొని చూశారన్న గుర్తు. వేదిక మీదివాళ్లు శ్రద్ధగానే విన్నారు. భోజనాల దగ్గర ఒక అధికారి వచ్చి, మీరన్నది ఆలోచించాల్సిన సంగతి అన్నాడు. ఇప్పటికి ఏమీ మారలేదు. మారుతుందేమో కూడా నాకు తెలియదు.

మరుసటి ఏడు చలికాలంలో పెద్దమ్మ పోయింది. ఊపిరితిత్తులు చెడిపోయాయి. సమాధి కార్యక్రమంలో పాస్టరు సినిమా ఊసెత్తలేదు, ఆమె పాడిన పాటల గురించే మాట్లాడాడు. అది నాకు సరిగ్గానే అనిపించింది.

కొన్నాళ్లకు ఆమె కూతురు కరీంనగర్ వచ్చింది. సినిమా కాపీ కోసం వచ్చిందనుకుని పెన్‌డ్రైవ్ చేతికివ్వబోయాను. ఆమె తీసుకోలేదు.

"సినిమా నా తాన ఉన్నదక్కా. సినిమాల పెట్టకుంట తీసేసినయి ఉంటయి గదా. గవి గావాలె."

అదృష్టవశాత్తు మేము వేటినీ చెరపలేదు. ఆ మధ్యాహ్నం దుకాణం తలుపు దగ్గరకు వేసి, మా ఆయనతో కలిపి ముగ్గురం కూర్చున్నాం. వెలుతురు సరిపోనివి, మాటలు తప్పినవి, మైకు అడ్డొచ్చినవి ఒకటొకటే వేశాను. ఒకదాంట్లో పెద్దమ్మ గ్లాసులు కడుగుతూ సన్నగా ఏదో కూనిరాగం తీస్తోంది. కెమెరా నడుస్తోందని ఆమెకు తెలియదు. కాసేపటికి తలెత్తి మా ఆయన్ని చూసి, పొద్దటిసంది నిలవడే ఉన్నవ్, జర కూసో బిడ్డా, చాయ్ తాగు అంది. కెమెరా కొద్దిగా కదిలింది. మా ఆయన కూర్చున్నట్టున్నాడు.

కూతురు దాన్ని మళ్లీ వేయమంది. వేశాను.