మిల్లు గోడ పక్కన నా బిడ్డకు నిద్ర లేదు

ఆ రోజు నా బిడ్డ రూత నోట్లో బుక్క పెట్టుకొని, మింగకుండానే కూర్చున్నచోట తూలి పడిపోయింది. అప్పటికి దానికి మూడేళ్లు నిండలేదు. గొంతుకు అడ్డం పడుతుందని వేలు పెట్టి ఆ బుక్క బయటికి తీశాను. కళ్లు తెరిచి ఏడ్చింది, మళ్లీ తూలింది. పొద్దున పూట, వాకిట్లో ఉరుకుతూ ఆడాల్సిన పిల్ల. దీనికేదో అయిందని నాకు ఆ రోజే తెలిసింది.

అవి నిజాం రాజ్యం చివరి రోజులు. కేతేపల్లి నుంచి మేము భువనగిరి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నా భర్త ఏసోబు పల్లినూనె మిల్లులో మూటలు మోసేవాడు. మిల్లు సేటు మాకొక గది ఇచ్చాడు. పెంకుల కప్పు, సున్నం గోడలు. మా ఆడబిడ్డ ఆ సంగతి ఊరంతా చెప్పుకొని మురిసింది. ఆ ఘనమైన గది ఇంజన్ షెడ్డు గోడకు ఆనుకొని ఉండేది. కిటికీ లేదు. ఇంజన్ నడిస్తే గోడ అదిరేది, గిన్నెలు గలగలలాడేవి, పొగ పెంకుల సందుల్లోంచి లోపలికి దిగేది. పల్లికాయ వచ్చే రోజుల్లో రాత్రింబవళ్లు అదే మోత. దాన్ని గది అనడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. అందులో గాడిదను కట్టినా తాడు తెంపుకొని పారిపోయేది.

బిడ్డను ఎత్తుకుంటే చంకలో ఉన్నట్టే అనిపించేది కాదు. తొడలు సన్నబడ్డాయి. కన్ను మూతపడగానే ఉలిక్కిపడి లేచేది. మొదట ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బల్ల మీది నుంచి తల ఎత్తలేదు.

"ఏం పెడుతున్నవ్ పిల్లకు?" అన్నాడు.

"మేం తినేదే పెడుతున్న సారూ. తింటలేదు."

"పెడితె ఎందుకు తినదు? నువ్వు తిని పండుకుంటున్నట్టున్నవ్."

నేను తిని బిడ్డను మాడ్చానని ఆయన తీర్పు. బిడ్డ కడుపు మీద చెయ్యి అయినా పెట్టకుండా 'వార్మ్స్' అని, టానిక్ అని ఎర్రనీళ్ల సీసా ఒకటి చేతిలో పెట్టించాడు. అది తాగి బిడ్డ కక్కింది. అంతటి చదువుకు ఫలితం ఆ కక్కు.

తర్వాత మిషన్ దవాఖానకు పోయాను. అక్కడి డాక్టరమ్మ తెల్లదొరసాని, పుస్తకంలో చదివినట్టు తెలుగు మాట్లాడేది. వెయిట్ చూసింది, బ్లడ్ టెస్ట్ చేయించింది. "మలేరియా లేదు. టి.బి. లేదు. అయినా ఇంత అండర్‌వెయిట్ ఎందుకు ఉంది?" అని తనలో తాను అనుకొని, అడ్మిట్ చేయమంది. వార్డులో పడుకోబెట్టిన బిడ్డ ఆ రోజంతా లేవలేదు. నేను భయపడి భుజం తట్టి లేపబోయాను. డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, "లేపవద్దు. ఇది నిద్ర మాత్రమే" అంది. లేచిన తర్వాత బిడ్డ గంజి అడిగి తాగింది. ఇంటికి పంపేనాటికి తూకం ముల్లు కాస్త ముందుకు జరిగింది. నేను మురిసిపోయాను.

ఏ గదిలోంచి తెచ్చానో మళ్లీ అదే గదిలోకి తీసుకుపోయాను. నెల తిరగకుండానే దగ్గు పట్టుకుంది, పక్కటెముకలు ఎగిరెగిరి పడ్డాయి. "బ్రాంకైటిస్" అంది డాక్టరమ్మ. ఈసారి కోపంగా ఉంది.

"అమ్మా, పాప ఎక్కడ పడుకుంటుంది?"

అన్ని రోజుల్లో ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. ఇంజన్ గోడ సంగతి, పొగ సంగతి చెప్పాను. మందు చీటీ రాస్తున్నదల్లా ఆగింది. "ఆ గదిలో ఉంచితే నా మందు పని చేయదు. నిద్ర లేని పిల్లలు పెరగరు" అంది.

సేటు దగ్గరికి పోయాను. ఎవరో చుట్టంతో కూర్చొని తమలపాకు నములుతున్నాడు.

"సేటూ, జర ఇంకో జాగ జూపుండ్రి. నిద్ర లేక నా బిడ్డ ఎండిపోతాంది."

"చెవులల్ల దూది పెట్టు. మీ పిల్లలకు గిట్లాంటియి అలవాటైతయి," అన్నాడు. అని, చుట్టం వైపు తిరిగి, "మా పిల్లలకైతే జర సప్పుడైనా నిద్ర వట్టది. గందుకే మిల్లుకు దూరం ఇల్లు కట్టిచ్చిన" అన్నాడు.

నా ముందే అన్నాడు! దాచుకోవాల్సిన మాట అని కూడా ఆ మొద్దు బుర్రకు తట్టలేదు. ఆ గదిలో పిల్లలు పడుకోలేరని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. అప్పటిదాకా ఆయనంటే నాకు భయం. ఆ క్షణంలో అదంతా పోయి అసహ్యం మిగిలింది.

"మీ పిల్లలకు దూది దొరకలేదా సేటూ?" అన్నాను.

నములుతున్న దవడ ఆగింది. "పొద్దుగూకె వరకు గది ఖాళీ చెయ్యుండ్రి," అన్నాడు. ఏసోబు విని గడప మీద కూర్చున్నాడు. "ఇగ పని పాయె" అన్నాడు. నేను కుండలు సర్దుతూనే ఉన్నాను. కాసేపటికి లేచి బిడ్డను భుజాన వేసుకొని, "దా, పోదాం" అన్నాడు.

కేతేపల్లిలో మా అత్త గుడిసెకు చేరాం. "పెంకుటిల్లు ఇడిసి గుడిసెకొచ్చిండ్రు, గింత తెలివి ఎవలకుంటది?" అని ఆడబిడ్డ దెప్పింది. సున్నం గోడలు చూసి మురిసే కళ్లకు బిడ్డ ఎముకలు కనిపించవు. ఆ గుడిసె వానకు కురిసేది, తేళ్లు వచ్చేవి. అది స్వర్గమని నేను అనను. ఏసోబు మళ్లీ ఊరి దొర పొలంలో కూలికి పోయాడు. మొదట్లో అంత నిశ్శబ్దంలోనూ బిడ్డ ఉలిక్కిపడి లేచి, ఇంజన్ ఎప్పుడు మొదలవుతుందా అన్నట్టు చెవులు రిక్కించేది. మా అత్త దాన్ని పక్కలో వేసుకొని వీపు నిమురుతూ ఉండేది. మెల్లమెల్లగా ఆ ఉలికిపాటు పోయింది. ఒకనాడు తెల్లారి ఎండ ముఖాన పడేదాకా నిద్రపోయి, లేస్తూనే "అమ్మా, గట్క" అంది. పెట్టిన జొన్నగట్కంతా తిని మళ్లీ గిన్నె చాపింది. నేను పొయ్యి వైపు తిరిగి ఏడ్చాను.

ఇప్పుడు రూతకు ఇద్దరు పిల్లలు. మనిషి బాగా ఒళ్లు చేసింది, వాకిట్లో నిలబడి పిలిస్తే ఊరవతలి చెలక దాకా వినిపిస్తుంది.

నేను చెప్పేది ఒక్కటే. బిడ్డ బక్కచిక్కుతుంటే, అది పడుకునే చోటు ఎలాంటిదో డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి: మోత ఉందా, పొగ ఉందా, గాలి వస్తుందా అని. అది వినే తీరిక లేని డాక్టరైతే, ఆ సీసా అక్కడే పెట్టి బిడ్డను ఎత్తుకొని లేచి రండి.