తొలికాపు బ్లూబెర్రీలు

మెర్డెకాకు, అంటే ఈ రబ్బరుతోటల దేశం స్వాతంత్ర్యానికి, ముందటి ఏడు. అడవిలో కమ్యూనిస్టులతో పోరు సాగుతున్న ఎమర్జెన్సీ రోజులే గానీ, సుంగై సిపుట్ ఊరికి వెళ్ళే మా బస్సుకు మాత్రం ఏ తొందరా ఉండేది కాదు. పక్కసీటు మనిషి ఒళ్ళో పాలడబ్బా, అందులో జానెడు మొక్క, దానికి నాలుగు నీలం పళ్ళు. ఏమిటని అడిగాను.

"బ్లూబెర్రీ బాబూ. సలిదేశం మొక్క. కొండమీద దొరగారి తోటలో కొమ్మ అడిగి, మా ఇంటెనక మూడేళ్ళు పెంచినాను. ఇదే తొలికాపు. మాయావిడ కడుపుతో పుట్టింట్లో ఉంది. ఈ పండు మీదే మనసంట. నానూ రుచి సూడనేదు."

దారిలో పోలీసు బస్సెక్కాడు. అడవిలోని కమ్యూనిస్టులకు అందుతుందని తిండి ఏదీ పోనిచ్చేవారు కాదు. మొక్క వెళ్ళొచ్చు, పళ్ళు వెళ్ళకూడదన్నాడు. ఇక్కడే తినాలి, లేదా పారేయాలి. నాలుగు పళ్ళతో బతికే సైన్యమేదో నాకు తెలియదు. ఎస్టేటులో అందరి అర్జీలూ రాసిపెట్టే గుమాస్తాను, ఆ పూట మాత్రం కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

అతను పళ్ళు కోసి నా చేతిలో పెట్టాడు. "మీరు తినీండి బాబూ. నాను తినీసి ఏ మొకంతో ఎల్తాను?"

పోలీసు చూస్తున్నాడు. తినేశాను.

బస్సు కదిలాక అడిగాడు. "ఎలాగున్నాయి బాబూ? మాయావిడ అడుగుతాది."

తేనెలా ఉన్నాయి. పుల్లగా ఉన్నాయనబోయి, కడుపుతో ఉన్నవాళ్ళకు పులుపంటేనే ప్రాణమని గుర్తొచ్చి ఆగాను.

"చప్పగా ఉన్నాయి."

"అమ్మయ్య! అయితే దానికేటీ పోనేదు," అన్నాడు.

నాలుక మీది నీలం అతనికి కనబడకుండా, మిగతా దారంతా నోరు మూసుకుని కూర్చున్నాను.