బావ పెట్టిన బీడీ పరీక్ష

ఆ రోజుల్లో ఇరవై దాటిన ప్రతి కుర్రవాడికీ లోకాన్ని బాగుచేసే పూచీ తనదేనని ఒక నమ్మకం ఉండేది. నాకైతే దానికి జీతం కూడా ఇచ్చేవారు. తిరుత్తణి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉన్న కాలమది. ఆరోగ్య ప్రచారకుడనే తాత్కాలిక ఉద్యోగంలో కొత్తగా చేరాను. హైస్కూలు పిల్లలకు బీడీ జోలికి పోవద్దని చెప్పడం నా పని. మ్యాజిక్ లాంతరుతో గోడమీద ఊపిరితిత్తుల బొమ్మ వేసి గంభీరంగా ఉపన్యసించేవాణ్ణి (ఒకసారి బొమ్మ తలకిందులుగా పడితే, పిల్లలు పనసకాయ అనుకున్నారట). ఉపన్యాసం తర్వాత చిన్న నాటకం. ఒకడు బీడీ ఇవ్వాలి, ఇంకొకడు వద్దనాలి, తక్కినవాళ్లంతా వాణ్ణి పిరికోడని వెక్కిరించాలి, అయినా వాడు జంకకుండా నిలబడాలి. వెక్కిరించే వేషానికి పోటీ ఎక్కువ. వద్దనే వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే, కే.జీ.కండిగై నుంచి వచ్చే ఒక బక్కపలచని పిల్లవాణ్ణి బలవంతంగా నిలబెట్టాను.

మా పై అధికారి ఒక ముసలి డాక్టరుగారు. ఏది చెప్పినా "రుజువేది?" అనేవారు. కొన్నాళ్లకు నేను మళ్లీ బడికి వెళ్లి, బీడీ ముట్టనివాళ్లు చేతులెత్తండి అంటే క్లాసంతా ఎత్తింది. పొంగిపోయి ఆ మాట చెబితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎదురుగా నిలబడి అడిగితే ఎత్తక ఏం చేస్తారయ్యా? నువ్వు లేనిచోట ఏం చేస్తారో అది తెలుసుకో. లేకపోతే వచ్చే ఏడు ఈ పాఠమూ ఉండదు, నువ్వూ ఉండవు."

నేను లేనిచోట ఏం జరుగుతుందో నేనెలా చూడాలి? రెండురోజులు ఆలోచించగా మా బావ గుర్తొచ్చాడు. మా మేనమామ కొడుకు. చీరల మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. నిండు మీసం, మంచి మనసు, నోట్లో ఆరని బీడీ. బడిపిల్లలెవరికీ అతను తెలియడు. "బావా, పిల్లలకు బీడీలియ్యాల. తీసుకుంటారో లేదో నేను చాటునుంచి చూస్తా" అన్నాను. బావ నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది నీ ఉద్యోగమా అప్పా?" అన్నాడు. ఉద్యోగం పోయేలా ఉందంటే మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

సాయంత్రం బస్సు స్టాండులో కండిగై పిల్లలు బస్సుకోసం నిలబడి ఉన్నారు. నేను ఎళనీరు అమ్మేవాడి కొబ్బరిబోండాల గుట్ట వెనక కూర్చున్నాను. బావ బీడీకట్ట విప్పి, "రాండి తమ్ముళ్లా, తలా ఒగటి తీసుకోండి. దుడ్లొద్దు" అన్నాడు. నేను నాటకంలో నిలబెట్టిన ఆ బక్కపలచని పిల్లవాడే ముందున్నాడు.

"వద్దన్నా."

"ఏమిరా, భయమా? మీ నాయిన కొడతాడా?" బావ తన వేషం నాకంటే బాగా కట్టాడు.

"భయం లేదన్నా. నాకిష్టం లే."

అచ్చం నేను నేర్పిన మాటలే! బోండాల వెనక ఆనందంతో నా కళ్లు చెమర్చాయి. రెండోవాడు మాత్రం ఒకటి తీసుకుని చెవి వెనక దోపుకున్నాడు. నాటకం అక్కడితో అయిపోవాలి. కానీ వద్దన్న పిల్లవాడు బావ చొక్కా పట్టుకున్నాడు (అది నేను నేర్పలేదు).

"బడి పిల్లోళ్లకు ఊరికే బీడీలిస్తా ఉండావే, నువ్వెవురు? యాడనుంచి వచ్చినావు?"

బావ బీడీకట్ట జేబులో దాచబోయాడు. జనం మూగారు. ఎవరో అరవంలో "పిళ్ళె పుడిక్కిఱవండా!" అని కేక పెట్టారు (పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని). నాలుగు చేతులు బావమీద పడ్డాయి. నేను గుట్టంతా దొర్లిపోయేలా లేచి పరుగెత్తాను.

"ఆగండి! ఆగండి! ఇది గవర్నమెంటు పని!"

"పిల్లకాయలకు బీడీలిచ్చే గవర్నమెంటు యాడుండాది సామీ?" అన్నాడు ఒక పెద్దాయన, నా చొక్కా కూడా పట్టుకుంటూ. చివరికి ఆ పిల్లవాడే "ఈయన మా బీడీవద్దు సారు. విడిచిపెట్టండి" అని చెప్పి మమ్మల్ని గండం నుంచి గట్టెక్కించాడు. పిల్లలు నాకు పెట్టిన పేరు అదని అప్పుడే తెలిసింది.

ఆ శుక్రవారం బావకు కండిగైలో పెళ్లిచూపులు. నన్నూ తోడు తీసుకెళ్లాడు. తలుపు తీసినవాణ్ణి చూసి ఇద్దరం గడపదగ్గరే ఆగిపోయాం. ఆ పిల్లవాడే! "నాయినా! నేను చెప్పలా, ఆ బీడీ అన్న వచ్చినాడు!" అన్నాడు లోపలికి తిరిగి.

పిల్ల తండ్రి ముఖం మాడింది. మాకు చాప కూడా వేయలేదు. నేను నాటకం, పరీక్ష, డాక్టరుగారు అంటూ అంతా ఏకరువు పెట్టాను. ఆయన ఓపిగ్గా విని, "సరే, పరీచ్చ అంటివి. ఆ బీడీలు ఎవురివి?" అన్నాడు.

ఆఫీసువని చెబుదామని నేను నోరు తెరిచేలోపు బావ తలవంచుకుని, "నావే మామా" అన్నాడు.

లోపలినుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "మా తమ్ముడంత పిల్లోడే వద్దంటా ఉంటే, అంత మీసం పెట్టుకోని ఆయనకు చేతకాదా? మానుకోని రమ్మను నాయినా, అప్పుడు చూస్తాం."

తండ్రికి నవ్వాగలేదు. చాప పడింది, కాఫీ వచ్చింది. బావ కాఫీ తాగుతూ కూడా ఆ గొంతు వినిపించిన గది వైపే చూస్తున్నాడు. నేను పిల్లవాణ్ణి పక్కకు పిలిచి, ఊపిరితిత్తుల బొమ్మ గుర్తొచ్చే వద్దన్నావు కదా అని ఆశగా అడిగాను.

"బొమ్మ గాదు సార్. ఆ పొద్దు క్లాసులో అందురూ నన్ను నవ్వినారు గదా. ఒగసారి నవ్వినాక ఇంకేముండాది? భయం పోయింది."

బావ ఎండాకాలమంతా లవంగాలు నమిలాడు, చిరాకుపడ్డాడు, నన్ను తిట్టాడు, రెండుసార్లు జారి మళ్లీ నిలబడ్డాడు. ఆడిమాసం (మన ఆషాఢం) దాటాక పెళ్లయింది. డాక్టరుగారికి జరిగింది జరిగినట్టు నివేదిక రాసిచ్చాను. "చెవి వెనక పెట్టుకున్నవాడో?" అన్నారు. "వాళ్ల తాత కోసమట సార్." "పాఠం వినని మీ బావ మానేశాడే, నీ లెక్కలో అతన్నెక్కడ కలుపుతావు?" ఆయన కడుపు పట్టుకుని నవ్వి, "బొమ్మలు తగ్గించి నాటకం పెంచు" అన్నారు. పాఠమూ నిలిచింది, నేనూ నిలిచాను. తర్వాత తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మా నివేదిక మాత్రం ఆంధ్రలోనే ఏ అలమరలోనో ఉండిపోయింది.

ఇప్పుడు ఆ బోండాల వెనక కూర్చున్న కుర్రవాణ్ణి తలుచుకుంటే కోప్పడబుద్ధి కాదు. పిల్లల మనసు తెలుసుకోవడానికి ఎంత శ్రమపడ్డాడు పాపం! పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పాలనిపిస్తుంది: "నాయనా, అంత దాక్కోవడమెందుకు? చేతులెత్తించకుండా, ఒక్కొక్కణ్ణీ పక్కకు పిలిచి వాళ్లనే అడగరాదూ?" వాడు వినడనుకోండి. ఆ వయసులో నేను ఎవరి మాట విన్నాను గనక!