మామ్మ వండిన వాలుగ దవడలు

ఆ రోజుల్లో చెయ్యి విరగడమంటే పిల్లలకు సగం పండగ. బడి ఉండదు, అన్నం ఎవరో కలిపి నోట్లో పెడతారు, పిండికట్టు మీద వీధిలో వాళ్ళంతా బొమ్మలు గీస్తారు. మా పొందూరులో నాకా యోగం పట్టిన వానాకాలంలోనే మా మామ్మకూ పట్టింది. నూతి గట్టు పాచి మీద నేను జారితే, నన్ను పట్టుకోబోయి ఆవిడా పడింది. నాకు కుడి మణికట్టు, ఆవిడకు ఎడమది. (ఇద్దరికీ చాకిరీ చెయ్యలేక మా అమ్మ, "నాకు మాత్రం రెండు సేతులూ ఎందుకు మిగిలాయో!" అని విసుక్కునేది.)

మామ్మ నూలు వడికేది. కుడిచేత్తో రాట్నం తిప్పుతుంటే, ఎడమచేతి వేళ్ళ మధ్యనుంచి కంటికి ఆనని దారం సాగేది. ఆ చెయ్యే ఆవిడ బతుకు. మా ఊళ్ళో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. సన్నటి పళ్ళున్న ఆ ఎముక తగిలితే పత్తిలో నలుసు మిగలదు. మామ్మకు అలాంటివి రెండుండేవి. మేం ముట్టుకుంటే వీపు చిట్లేది.

శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు మా అమ్మతో, "పిల్లది కొంచెం వంకరగా అతికినా ఫరవాలేదమ్మా, ఎదిగేకొద్దీ ఎముక తనను తనే చెక్కుకుని తిన్నగా అయిపోతుంది. పెద్దావిడకు మాత్రం కొత్త ఎముక కట్టేది తక్కువ, పాతది అరిగేది ఎక్కువ. ఇద్దరికీ పాలూ చేపలూ పెట్టండి" అన్నాడు. మామ్మ అంతా విని, "ఆడికేటి తెలుసు? సూడవే, నీకన్నా నాదే ముందు అతుకుతాది!" అని నాతో పందెం వేసింది. ఆ తర్వాత మా యుద్ధమంతా రాట్నం కదురు కోసమే. కట్టు లోపల దురద పుడితే గోక్కోవడానికి ఇంట్లో అంత సన్నటి ఇనప పుల్ల మరోటి లేదు. "ఒసే, పెద్దముండని, ముందు నాకియ్యే!" అని ఆవిడ లాక్కునేది. నేను ఏడ్చేదాన్ని.

కట్లు విప్పాక పందెం తేలిపోయింది. నా చెయ్యి వంకరగా ఉన్నా అన్నం కలిపింది. మామ్మ మణికట్టూ వంకరగానే అతికింది, వేళ్ళు మాత్రం ముడుచుకోలేదు. రోజూ రాట్నం ముందు కూర్చునేది. దారం పుటుక్కున తెగేది. అతికించేది, మళ్ళీ తెగేది. ఎవరినీ తిట్టేది కాదు. తిడితే బాగుణ్ననిపించేది నాకు.

ఒకరోజు వంటింట్లోంచి చింతపండు పులుసు వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే కుండలో ఆ రెండు దవడలూ ఉడుకుతున్నాయి. అమ్మ గుండెలు బాదుకుంది. "పత్తి దువ్వేవి కదత్తా! ఏటి సేత్తన్నావు?" మామ్మ గరిటె తిప్పుతూ, "ఎముక్కి ఎముకే బలం. నా సెయ్యి ఇంక ఇంతేనే. దీనిదైనా తిన్నగా రావాల" అని గిన్నె నా ముందు పెట్టింది. ఏళ్ళ తరబడి పత్తి దుమ్మూ, ఆవిడ చేతి చెమటా తాగిన ఎముకలవి. "ముక్కు మూసుకుని తాగు, నా తల్లి!" నేను తాగాను, సగం తాగి కక్కుకున్నాను, మిగిలిన సగం మళ్ళీ పట్టించింది. ఆ రాట్నం మరి తిరగలేదు.

మామ్మ పోయాక, బూడిదలో ఎముకలు ఏరడానికి వెళ్ళొచ్చిన నాన్న, "ఆ సెయ్యి ఎముక అలాగే వంకరగా ఉన్నాదే" అని అరుగు మీద కూలబడిపోయాడు.

నా చెయ్యి మాత్రం డాక్టరు చెప్పినట్టే తిన్నగా అయింది. ఎక్కడ విరిగిందో వేలితో తడిమినా దొరకదు. మొన్న మోకాళ్ళ నొప్పికి వెళ్తే, నా ఎముకలూ పలచబడుతున్నాయన్నారు. "చిన్నప్పుడు ఉన్న ఎముకలో ఏమైనా మిగిలుంటుందా, డాక్టరుగారూ?" అని అడిగాను. ఆ కుర్ర డాక్టరు నవ్వి, "పాతది కరిగి కొత్తది పడుతూనే ఉంటుంది మేడమ్, అదెప్పుడో పోయుంటుంది" అని కాల్షియం మాత్రలు రాశాడు.

రోజూ ఒకటి వేసుకుంటున్నాను. ఏ వాసనా లేని మాత్ర. మా మనవరాలు పడీ పడీ నవ్వుతుంది, మామ్మ ముక్కు మూసుకుని మింగుతోందని.