రింగా, పిన్నా, ఎదురు దుకాణమా

2018, యాసంగి కోతల కాలం. నకిరేకల్‌లో రోడ్డు పక్కన మాది పనిముట్ల దుకాణం. మా నాయిన గొలుసులు, గడ్డపారలు అమ్మిన చోటే నేను ఇంపాక్ట్ రెంచ్‌లు, అంటే దెబ్బ మీద దెబ్బ కొడుతూ బోల్టు తిప్పే మిషన్లు, వాటి మూతికి తగిలించి బోల్టు తలను పట్టే సాకెట్లు అమ్ముతున్నాను. బేరమాడటం నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది. కూరగాయల మీద కొసరు అడగకుండా ఇంటికి వస్తే ఇప్పటికీ ఏదో పారేసుకున్నట్టే ఉంటుంది.

అలాంటి నాకు ఎదురుగా, రోడ్డుకు అవతల, సత్తన్న కూడా అదే సరుకుతో దుకాణం పెట్టాడు. నాకంటే పెద్దవాడు, మెత్తటి మనిషి, నన్ను ‘చెల్లె’ అని పిలుస్తాడు. ఆ పిలుపు వింటేనే ఒళ్లు మండేది. పోటీకి వచ్చినవాడు కనీసం పోట్లాటకైనా రావాలి కదా!

ఒకరోజు పొద్దున లింగయ్య ఆ దుకాణంలోంచి పొడుగాటి పొట్లంతో బయటికి రావడం చూశాను. లింగయ్య వరికోత మిషన్లు రిపేరు చేస్తాడు. సీజన్‌లో నా దుకాణాన్ని నిలబెట్టే గిరాకీ అతనిదే. అంతకు కొద్దిరోజుల ముందే నా దగ్గర ఎక్స్‌టెన్షన్, స్వివెల్ కొన్నాడు. ఎక్స్‌టెన్షన్ అంటే రెంచ్‌కూ సాకెట్‌కూ మధ్య తగిలించే కడ్డీ. స్వివెల్ అంటే వంకర జాగాలో బోల్టు అందడానికి మెడ తిప్పే జాయింటు. మళ్లీ అక్కడ కొన్నాడంటే సత్తన్న ధర విరగ్గొట్టి ఉంటాడనుకున్నాను. అటు చూడటం కోసం దుకాణం ముందు ఊడ్చిందే ఊడ్చాను. లింగయ్య చేయి జారితే ఆ సీజన్ మొత్తం జారినట్టే.

సాయంత్రం నేనే అతని షెడ్డుకు వెళ్లాను.

“ఏం లింగయ్యా, మా దుకాణం తొవ్వ మర్చినవా? ఆయన ఎంతకిచ్చిండో చెప్పు, నేను తగ్గిస్త.”

“ధర కాదక్కా. ఆయన నీకన్న ఎక్కువనే తీస్కున్నడు.”

ఆ మాట ఇంకా లోతుగా దిగింది. ఎక్కువ తీసుకుని కూడా గెలిచాడా!

“మరేంది?”

“నువ్విచ్చిన స్వివెల్ వంగి ఊగుతుంటే సాకెట్ ఊడి మిషన్ కడుపుల పడ్డది. దాన్ని తీయనీకె సగం మిషన్ ఇప్పిన. మీద మబ్బు పట్టింది, ఆ రైతు నన్ను తిట్టుడే తిట్టుడు.”

సాకెట్‌ను పట్టి ఉంచే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి రింగు: కడ్డీ కొనకు చిన్న స్ప్రింగ్ రింగు ఉంటుంది. నెడితే ఎక్కుతుంది, లాగితే వస్తుంది; రింగు అరిగితే తనంతట తానే వస్తుంది. రెండోది పిన్ను: కొనలోంచి పైకి లేచి సాకెట్ రంధ్రంలో దిగి కూర్చుంటుంది. సన్నటి మొలతో పొడిస్తే తప్ప వదలదు. నేను అందరికీ రింగుదే అమ్మేదాన్ని. ఎందుకంటే సాకెట్‌ను కొనేవాడి చేతికే ఇచ్చి కౌంటర్ మీద ఎక్కించి చూడమంటాను. టక్కున ఎక్కి టక్కున వస్తే అతని మొహం విప్పారుతుంది, అప్పుడు నా బేరం మొదలవుతుంది. పిన్నును పొడిచే తంటా చూస్తే ఆ మొహమే ముడుచుకుంటుంది. కానీ కౌంటర్ మీద సాకెట్ ఎక్కడికి పడిపోతుంది?

“సత్తన్న ఏమన్నడు?” అన్నాను, వినాలని లేకపోయినా.

“సామాను తర్వాత చూపిచ్చిండు. ముందుగాల, ‘సాకెట్ ఊడితే యాడ పడ్తది?’ అని అడిగిండు. మిషన్ కడుపుల అంటే పిన్నుయే ఇచ్చిండు.”

కొన్నాళ్లకు లింగయ్య నా దుకాణం మెట్లెక్కాడు. నాకు పండగైంది. మొహంలో కనపడకుండా జాగ్రత్తపడ్డాను.

“చక్రాల పని గూడ పెట్టినక్కా. కారుకొక సైజు నట్టు, ట్రాక్టర్‌కొక సైజు. సాకెట్ మార్చినప్పుడల్లా పిన్ను పొడవాల్నంటే పానం పోతాంది. చేతులకేమో గ్రీజు.”

“ఆఖరికి అక్క యాదికొచ్చిందా?”

“సత్తన్న పంపిండు. ‘రింగువి చెల్లె కాడ మంచియి ఉంటయ్, పో’ అన్నడు.”

నేనైతే పంపేదాన్నా? వాకిట్లో అడ్డంగా కూర్చునేదాన్ని. పోయిన గిరాకీ కంటే తిరిగి పంపిన గిరాకీయే ఎక్కువ మండించింది.

అయినా ఈసారి సాకెట్ అతని చేతికివ్వలేదు. ఊడితే ఎక్కడ పడుతుందని ముందు అడిగాను. చక్రాల పని నేల మీద, సాకెట్ ఊడితే కాళ్ల దగ్గరే పడుతుంది. కాబట్టి ఎక్స్‌టెన్షన్ కొనకు రింగు చాలు. కడ్డీ ఎక్కే రెంచ్ మూతి దగ్గర మాత్రం ఉన్న పిన్నునే ఉండనిమ్మన్నాను, కడ్డీని అక్కడ మాటిమాటికీ విప్పే పని లేదు కనుక.

“మంచిగ చెప్పినవక్కా. మిషన్ పనికి ఇంకో స్వివెల్ గూడ ఇయ్యి మరి.”

నా దగ్గర ఉన్నవన్నీ రింగువే. ఒకటి తీసి అతని ముందు పెట్టడం నాకు ఎంతసేపు?

“దానికి ఇది పనికిరాదు. పిన్నుది గావాలె.” రోడ్డవతలికి చూపించి, “ఆయన కాడ తీస్కో” అన్నాను.

లింగయ్య రోడ్డు మధ్య నుంచే కేకేశాడు: “సత్తన్నా, అక్క పంపింది!”

సత్తన్న నావైపు చూసి చేయెత్తాడు. నేనూ ఎత్తాను, సగం దాకా.

అప్పటి నుంచి ఎవరు వచ్చినా మూడు సంగతులు తెలుసుకోకుండా నేను సామాను తీయను: చెయ్యి ఎలాంటి జాగాలో పెట్టి పని చేస్తావు, సాకెట్ మాటిమాటికీ మారుస్తావా, ఊడితే ఎక్కడ పడుతుంది? అసలు ప్రశ్న నాకంటే ముందు సత్తన్నకు తట్టిందన్న మంట మాత్రం ఇంకా ఆరలేదు. అందుకే పిన్ను స్వివెళ్లు కూడా తెప్పించి పెట్టాను, మళ్లీ ఎవరినీ రోడ్డు దాటించే అవసరం రాకుండా.